లైట్లు ఆరు, తలలు ఆరు

సాయిబుల చరిత్ర అనగానే మన పుస్తకాలకు రెండే గుర్తొస్తాయి. ఒకటి కోట, రెండోది కత్తి. మా పిల్లలు బళ్లో చదివేది అదే, పక్కింటి పిల్లలు చదివేదీ అదే. ఒకరోజు మా వాడు బడి నుంచి వచ్చి "అబ్బా, మనం ఏ నవాబు వాళ్లం?" అని అడిగాడు. ఏ నవాబు వాళ్లమూ కాదు బేటా, మనం గ్యాసు లైట్లోళ్లం అన్నాం. వాడికి అర్థం కాలేదు. గ్యాసు లైటు వాడు ఎన్నడూ చూడలేదు. వాడికి చెబుదామని మొదలుపెట్టిన సంగతి ఇది. తవ్వుతూ పోతే వాడికి చెప్పడానికి మాకే నోరు రాని విషయాలు కొన్ని బయటపడ్డాయి. అవి కూడా రాయక తప్పదు.

2019 ఆగస్టు 31న అస్సాంలో పౌరుల తుది జాబితా వచ్చింది. 19 లక్షలకు పైగా మనుషుల పేర్లు అందులో లేవు. ఆ డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. దేశంలోని మిగతా ముస్లిం ఇళ్లలో జరిగినట్టే మా ఇంట్లోనూ సందూకులు తెరుచుకున్నాయి. తాతల నాటి కాగితం ఏదన్నా ఉందా అని వెతకని ఇల్లు మా గల్లీలో లేదు. మాకు పట్టా దొరకలేదు, పుట్టిన సర్టిఫికెట్ దొరకలేదు. అటక మీద గోనెసంచిలో చుట్టిన ఒక పెట్రోమాక్సు లైటు దొరికింది. దాని పక్కనే ఎర్ర గుడ్డ అట్ట వేసిన ఒక పొడుగు పుస్తకం. దాదా రాసుకున్న కిరాయి పద్దు. ఉర్దూలో ఉంది. మొదటి పేజీ మీద 1359 ఫస్లీ అని ఉంది. అంటే 1949-50.

ఏ ఆఫీసులోనూ చెల్లని కాగితాలు ఇవి. మాకున్న చరిత్ర మాత్రం ఇంతే.

* * *

ముందు ఆ లైటు సంగతి చెప్పుకోవాలి. మా ఊళ్లో దాన్ని పెట్రోమాక్సు అనీ, గ్యాసు లైటు అనీ, మా ఇళ్లల్లో గ్యాస్‌బత్తీ అనీ అనేవాళ్లు. నిజానికి అందులో గ్యాసు పోసేది ఉండదు. పోసేది కిరోసిన్. తెలంగాణలో గ్యాసునూనె, కోస్తాలో కిరసనాయిలు, ఉర్దూలో మిట్టీ కా తేల్. ఆ నూనెను గాలి ఒత్తిడితో పైకి తోసి, వేడి గొట్టంలో ఆవిరి చేసి, ఆ ఆవిరిని మండిస్తారు. అందుకే గ్యాసు లైటు.

వెలుగు మాత్రం మంట ఇచ్చేది కాదు. మంట పైన వేలాడే చిన్న సంచీ ఇస్తుంది. దాన్నే మాంటిల్ అంటారు. మా వాళ్లకు అది జాలీ. ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ఆవర్ అనే రసాయన శాస్త్రవేత్త 1885లో దానికి పేటెంటు తీసుకున్నాడు. నూలు అల్లికను కొన్ని లోహాల లవణాల్లో ముంచి కాలిస్తే నూలు పోతుంది, బూడిద గూడు నిలుస్తుంది. ఆ గూడు వేడెక్కితే తెల్లగా వెలుగుతుంది. మొదట్లో ఆ వెలుగు ఆకుపచ్చగా ఉండి జనానికి నచ్చలేదు. 1891లో ఆయన 99 పాళ్లు థోరియం ఆక్సైడ్, ఒక పాలు సీరియం ఆక్సైడ్ కలిపి చూశాడు. అప్పుడు పాలలాంటి వెలుగొచ్చింది. 1910 ప్రాంతంలో బెర్లిన్‌లోని ఎరిష్ అండ్ గ్రేట్జ్ కంపెనీ ఆ మాంటిల్‌కు కిరోసిన్ టాంకీని, చేతి పంపును జోడించింది. యజమాని పేరు మాక్స్ గ్రేట్జ్. పెట్రోలియంలో పెట్రో, మాక్స్‌లో మాక్స్ కలిసి పెట్రోమాక్స్ అయింది. మా దాదా దాన్ని చివరిదాకా "జర్మనీ లైటు" అనే పిలిచేవాడట.

జర్మనీ లైటే. అయితే దాని వెలుగు ఎక్కడిది? థోరియం మోనజైట్ ఇసుకలో దొరుకుతుంది. 1909లో షాంబర్గ్ అనే జర్మన్ మన దక్షిణాది నుంచి వెళ్లిన కొబ్బరిపీచుకు అంటుకున్న ఇసుకలో మోనజైట్‌ను గుర్తించాడు. ఆ ఇసుక తిరువాన్కూరు తీరంలోని మనవాళకురిచ్చి నుంచి వచ్చింది. ఆ తర్వాత ఆ తీరపు ఇసుక ఓడలెక్కి పోయి, యూరప్‌లో మాంటిల్ అయ్యి, డబ్బాల్లో తిరిగి మన సంతల్లోకి వచ్చింది. అదే ఇసుక మన భీమునిపట్నం తీరంలోనూ ఉంది. ఆవర్ పేరు పుస్తకాల్లో ఉంది. గ్రేట్జ్ పేరు లైటు మీదే ఉంది. షాంబర్గ్ పేరూ దొరికింది. ఎండలో ఆ నల్ల ఇసుకను గంపల్లో ఎత్తి పోసిన ఆడవాళ్ల, మగవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఈ సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మాలో కొందరు పెద్దమనుషులు ఇక్కడ ఒక మాట అంటారు. కిరోసిన్ తీయడం తెల్లోడు నేర్పిందేం కాదు, తొమ్మిదో శతాబ్దంలో పుట్టిన మన అల్-రాజీ తన కితాబుల్ అస్రార్‌లో తెల్ల నఫ్తాను బట్టీ పట్టే పద్ధతి ఎప్పుడో రాశాడు అని. నిజమే, రాశాడు. మా ఉర్దూ పత్రికల్లో మేమే ఎన్నోసార్లు ఆ సంగతి గర్వంగా రాశాం. కానీ బగ్దాద్‌లో రాజీ చేసిన పనికి మా తాలూకా ఊళ్లో మాకేమన్నా కిరాయి వచ్చిందా? మమ్మల్ని నవాబులంటూ వాళ్లు కోటలో కూర్చోబెడితే, మేం మమ్మల్ని హకీములంటూ బగ్దాద్‌లో కూర్చోబెట్టుకుంటున్నాం. ఈ రెండింటి మధ్యలో, మోకాళ్ల మీద కూర్చుని పంపు కొట్టిన మనిషి ఎవరికీ అక్కర్లేకుండా పోయాడు.

* * *

ఆ మనిషి మా దాదా. నిజాం సర్కారులో తహసీలు కచేరీ దగ్గర చప్రాసీ. జీతం చిన్నది, బిళ్ల పెద్దది. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. పోలీసు చర్య తర్వాతి నెలల్లో హైదరాబాద్ రాజ్యంలో ఎంతోమంది చిన్న ముస్లిం నౌకర్లకు ఉద్యోగాలు పోయాయి. నవాబులకు దేవిడీలు మిగిలాయి, చప్రాసీలకు ఏం మిగిలింది? కొందరు రిక్షా తొక్కారు, కొందరు పండ్ల బండి పెట్టారు, కొందరు సైకిళ్లకు పంక్చర్లు వేశారు. దాదా దాదీ కాళ్ల కడియాలు అమ్మి రెండు లైట్లు కొన్నాడు. చేతిలో ఉన్న విద్య ఒక్కటే, ఉర్దూ రాయడం. దాంతో పద్దు రాయడం మొదలుపెట్టాడు.

పాత వరంగల్ జిల్లాలో ఊళ్లకు కరెంటు ఇంకా రాని రోజులవి. పెళ్లికి ఊరేగింపు కావాలంటే లైటు కావాలి. జాతరకు కావాలి, సారె తీసుకుపోవడానికి కావాలి, శవం రాత్రి లేస్తే దానికీ కావాలి. పీర్ల పండుగ పది రాత్రులూ కావాలి. మా ఊళ్లో పీర్లను ఎత్తుకునేది సాయిబులొక్కరే కారు. గొల్లలు, కాపులు, మాదిగలు కూడా ఎత్తుకునేవాళ్లు. అలాయి గుండం చుట్టూ ఎగిరేవాళ్లందరి మీదా పడే వెలుగు మా టాంకీలోది. దర్గా సందల్‌కు పోయే లైటూ, రాములోరి కల్యాణానికి పోయే లైటూ ఒకటే. లైటుకు సున్తీ లేదు, జంధ్యం లేదు అని అబ్బా నవ్వేవాడు.

నాటకాలకైతే తెల్లారేదాకా లైట్లు ఉండాలి. స్టేజీకి రెండు పక్కలా రెండు లైట్లు కట్టి, గంట గంటకూ దించి గాలి కొట్టి మళ్లీ ఎక్కించాలి. పద్యం మధ్యలో వెలుగు తగ్గితే జనం "సాయిబూ, గాలి కొట్టూ" అని అరిచేవాళ్లు. రాజు కిరీటంతో అలాగే ఆగిపోయేవాడు. మావాడు లుంగీ ఎగ్గట్టుకుని స్టేజీ ఎక్కి పంపు కొట్టి దిగాక రాజు రాగం మళ్లీ అందుకునేవాడు. తెలుగు నాటకరంగం మీద ముస్లింల పాత్ర ఏమిటని ఎవరన్నా అడిగితే మేం ముందు ఈ పాత్రనే చెబుతాం.

స్టేజీ మధ్యలో నిలబడ్డవాళ్లు లేరని కాదు. బుర్రకథను తెలుగునేలంతా మోగించిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లు దూదేకుల బిడ్డ. 1920లో పుట్టి 1997లో పోయాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. తన జీవితకథకు పెట్టుకున్న పేరు 'పింజారి'. ఎవరో తిట్టుగా వాడే మాటను ఆయన తలపాగాగా చుట్టుకున్నాడు. సుంకర, వాసిరెడ్డి 1947లో రాసిన 'మా భూమి' నాటకం వెనక ఉన్నది 1940లో దొర మనుషుల చేతిలో చనిపోయిన పేదరైతు షేక్ బందగీ. నాజర్‌ను, బందగీని గుర్తుపెట్టుకున్నందుకు సంతోషమే. అయితే ఆ రాత్రుల్లో కథ చెప్పినవాడి మీద, కథ విన్నవాళ్ల మీద వెలుగు పడింది. వెలుగు పట్టుకున్నవాడు ఎటువైపు నిలబడ్డాడు? మాంటిల్ కూడా నూలు అల్లికే కదా. దూది ఏకిన కులానికి నూర్‌బాషా అనే పేరు కూడా ఉంది. ఫారసీలో నేసేవాడిని నూర్‌బాఫ్ అంటారనీ, దాని నుంచే ఈ పేరు వచ్చిందనీ చెబుతారు. మాకు మాత్రం ఆ పేరు విన్నప్పుడల్లా అందులో నూర్ అనే ముక్కే, వెలుగు అనే ముక్కే చెవిన పడుతుంది.

* * *

లైటు వెలిగించడం ఎలాగో ఇప్పుడు రాసిపెట్టకపోతే ఇక ఎవరూ రాయరు.

గ్యాసునూనె గుడ్డలో వడకట్టి టాంకీలో ముప్పావు వంతు పోయాలి. నిండా పోయకూడదు, గాలికి చోటుండాలి. కొత్త జాలీని పింగాణీ మూతికి దారంతో బిగించి కట్టాలి. గొట్టం చుట్టూ ఉన్న గిన్నెలో నీలం రంగు స్పిరిటు పోసి అంటించాలి. గొట్టం వేడెక్కేదాకా ఓపిక పట్టాలి. స్పిరిటు మంట ఆరబోయే ముందు గాలి మర బిగించి పంపు కొట్టాలి. చక్రం తిప్పితే లోపలి సూది దిగుతుంది, ఆవిరి ఎక్కుతుంది, జాలీ భగ్గుమంటుంది. అప్పుడు సర్రుమనే చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వినని పెళ్లి మా చిన్నప్పుడు లేదు. మీటరు ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చేదాకా గాలి కొడితే ఇంటి నిండా పగలే. తొందరపడి గొట్టం వేడెక్కకముందే చక్రం తిప్పితే పచ్చి నూనె పైకి చిమ్ముతుంది. పసుపు మంట, పొగ, తిట్లు. ఆర్పాలంటే ఊదనక్కర్లేదు, గాలి మర వదులు చేస్తే చాలు.

ఒకసారి కాలిన జాలీ బూడిదే. వేలు తగిలితే రాలిపోతుంది. ఊరేగింపులో మనిషి తూలినా, రాయి తట్టినా, బాణాసంచా మోతకు ఉలిక్కిపడ్డా రాలిపోతుంది. కనుక లైటు మోసేవాళ్లు నిండు కుండ మోసినట్టు నడవాలి. తల మీద సుట్టబట్ట, దాని మీద చెక్క, దాని మీద లైటు. పైన మోత, మోతకు తోడు సెగ. ఇంకొక చిత్రం ఉంది. లైటు నిర్మాణంలో టాంకీ అడుగున ఉంటుంది, వెలుగు పైన ఉంటుంది. కాబట్టి టాంకీ నీడ సరిగ్గా కిందికే పడుతుంది. పెండ్లికొడుకు మొహం కనిపిస్తుంది, గుర్రం మొహం కనిపిస్తుంది, బ్యాండువాళ్ల మొహాలు కనిపిస్తాయి. లైటు మోసే మనిషి మొహం మాత్రం నీడలోనే ఉంటుంది. చిరాగ్ తలే అంధేరా, దీపం కింద చీకటి అని రెండు భాషల్లోనూ సామెత ఉంది. సామెత పుట్టించినవాడికి పెట్రోమాక్సు తెలియదు గానీ, చూసి చెప్పినట్టే ఉంటుంది.

* * *

ఇక పద్దు పుస్తకం. మా ఇంట్లో ఇప్పుడు ఉర్దూ గడగడా చదివేది మేమొక్కరమే. మా పిల్లలకు ఆ లిపి రాదు. ఇంగ్లీషు మీడియం బడి ఉర్దూనూ మింగింది, తెలుగునూ సగం మింగింది. అందుకని ఒక వేసవి సెలవుల్లో కూర్చుని దాదా పుస్తకమంతా తెలుగులోకి ఎత్తి రాశాం.

ఎంత ఊరు ఉందని అందులో! కోమట్ల పెళ్లిళ్లు, రెడ్ల పెళ్లిళ్లు, సాలోళ్ల పెళ్లిళ్లు, మా వాళ్ల నికాలు. ఏ రాత్రి ఎన్ని లైట్లు పోయాయి, ఎంత నూనె పట్టింది, ఎంత ముట్టింది, ఎంత బాకీ. మొదటి పేజీల్లో లెక్క హాలీ సిక్కాల్లో ఉంది, తర్వాత కల్దార్ రూపాయల్లోకి మారింది. ఉర్దూలో 'ణ' లేదు, 'ళ' లేదు. నారాయణ అక్కడ నారాయన అయ్యాడు. అయితేనేం, ఉన్నాడు. ఊళ్లో మూడు తరాల పెళ్లి ముహూర్తాలు ఒక సాయిబు పుస్తకంలో, కుడి నుంచి ఎడమకు రాసిన అక్షరాల్లో భద్రంగా ఉన్నాయి. మా దగ్గర కాగితం లేదా అని అడిగేవాళ్లకు చూపించాల్సిన కాగితం ఇదే అనుకున్నాం. మీ తాత పెళ్లి తేదీ మీ ఇంట్లో లేకపోవచ్చు, మా ఇంట్లో ఉంది. మేం ఎప్పటి నుంచి ఇక్కడున్నామో తెలుసుకోవాలంటే మీ తాత ఊరేగింపులో వెలుగు ఎవరిదో అడగండి.

ఇలా రాసుకుంటూ, ఛాతీ కొంచెం పొంగుతూ ఉండగా ఒక మాట దగ్గర కలం ఆగింది. ప్రతి పద్దు చివరా రెండు ముక్కలున్నాయి. "లైట్ 6, సర్ 6." "లైట్ 4, సర్ 4." సర్ అంటే తల. లైట్లు ఆరు, తలలు ఆరు. లైటు కిరాయికి తీసుకున్న ఆసామి పేరు ఉంది, ఊరు ఉంది, ఆసామి బావమరిది పేరు కూడా ఒకచోట ఉంది. లైటు మోసిన మనిషి పేరు ఒక్కచోట కూడా లేదు. అక్కడక్కడా ఇంకో వాక్యం: "జాలీ టూటీ, చార్ ఆనే కాటే." జాలీ తెగింది, నాలుగు అణాలు కోశాం. ఎవరి కూలిలోంచి కోశారు? ఆ తలలోంచే.

అప్పటిదాకా మేం తిడుతూ వచ్చిన చరిత్రకారుడి పక్కన మా దాదా వచ్చి కూర్చున్నాడు. మనవాళకురిచ్చి ఇసుక మోసినవాళ్ల పేర్లు రాయని పుస్తకానికీ, మా ఎర్ర అట్ట పుస్తకానికీ ఏం తేడా?

ఆ తలలు ఎవరివో కనుక్కోవాలని వాడల్లో తిరిగాం. కొందరు మాలోని బీదవాళ్లే, ఫకీర్ల ఇళ్లవాళ్లు. ఎక్కువమంది మాదిగవాడ నుంచి వచ్చిన ఆడవాళ్లు. పెద్ద వయసు అవ్వ ఒకామె ఉంది. ఆమెకు దాదా గుర్తున్నాడు.

"సాయెబు మంచోడే బిడ్డా. పెండ్లోళ్లు మాకు కూడు పెట్టకపోతే కొట్లాడి పెట్టిచ్చేటోడు. గని జాలి రాలితే మాత్రం ఊకోకపొయ్యేది. పైసలు కోసేటోడు."

"నీ పేరు పుస్తకంలో లేదవ్వా" అన్నాం.

"మా పేరెవలకు గావాలె బిడ్డా? లైటు వచ్చిందా అని అడిగేటోళ్లు. ఎవలు తెచ్చిండ్రని అడిగేటోళ్లా?"

ఆమె నడినెత్తిన అరచేయంత మేర వెంట్రుకలు పలుచబడి ఉన్నాయి. నూనె కారి మెడ మీద పడేదట. పెండ్లి కొడుకు ఎట్లా ఉండేవాడు అని అడిగితే నవ్వింది. తల ఎత్తితే లైటు పడుతుంది కదా, గుర్రం కాళ్లు చూస్తూ నడిచేదాన్ని అంది. ఎన్నో ఊరేగింపులు నడిచిన మనిషి. ఒక్క పెండ్లికొడుకు మొహం కూడా చూడలేదు.

ఇంకొక పేరు కూడా పుస్తకంలో లేదు. దాదీది. కడియాలు ఆమెవి. పగలంతా గాజు చిమ్నీలను బూడిదతో, పాత పేపరుతో తుడిచింది ఆమె. జాలీలు కట్టింది ఆమె. పర్దా కారణంగా ఆ లైట్లు వెలిగిన ఒక్క ఊరేగింపుకూ ఆమె వెళ్లలేదు. పేరు రాయని తప్పు బయటివాళ్లదే అనుకుంటే మనకు హాయిగా ఉంటుంది. మన గడప లోపల కూడా అదే తప్పు జరిగిందని ఒప్పుకుంటేనే బయటివాళ్లను అడిగే హక్కు వస్తుంది.

* * *

లైట్ల వ్యాపారం మా కళ్ల ముందే పోయింది. ముందు కరెంటు వచ్చింది, తర్వాత జనరేటరు వచ్చింది. 1990ల నాటికి ఊరేగింపుల్లో ట్యూబులైట్ల స్తంభాలు మోయడం మొదలైంది. వాటి తీగ జనరేటరు బండికి కట్టి ఉండేది, మోసేవాళ్లు ఆ తీగ పొడుగునే నడవాలి. లైటు మారింది, తల మారలేదు. రేషన్ షాపులో నీలం రంగు గ్యాసునూనె ధరను 2016 నుంచి విడతకు పావలా చొప్పున పెంచుతూ పోయారు. 2021-22 కేంద్ర బడ్జెట్ నాటికి కిరోసిన్ సబ్సిడీకి పద్దే లేకుండా పోయింది. ఇప్పుడు ఆ లైట్లు రెస్టారెంట్లలో అలంకారానికి వేలాడుతున్నాయి. లోపల చిన్న కరెంటు బల్బు. యాంటిక్ అంటున్నారు.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనకబడిన ముస్లిం సముదాయాలకు బి.సి. - ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసినప్పుడు 14 సముదాయాలను పేర్కొన్నారు. అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్లు, తురక కాశ, హజాం, ఫకీరు... ఆ పేర్లు చదివినప్పుడు మొదటిసారి మా నవాబుగిరీ అబద్ధమని సర్కారు కాగితం మీద రుజువైనట్టు అనిపించింది. ఎలుగుబంటిని ఆడించినవాడికీ, రోలు కొట్టినవాడికీ చరిత్రలో ఒక వరుస దొరికింది. లైటు మోసినవాళ్లకు ఏ జాబితాలోనూ పేరుండదు. ఎందుకంటే అది కులం కాదు, రాత్రి కూలి. అందులో మాదిగ తలా ఉంది, ఫకీరు తలా ఉంది. ఆ రెండు తలలూ పక్కపక్కన నడిచిన సంగతి కనీసం మనమన్నా రాసుకోవద్దా?

* * *

అటక మీది లైటును బాగు చేద్దామని కూర్చున్నాం. టాంకీ ఇత్తడిది కనుక తుప్పు పట్టలేదు. నికెల్ పూత పోయినచోట చింతపండుతో మెల్లగా తోమితే ఇత్తడి బయటపడింది. ఇసుకా, పీచూ వాడలేదు. అవి మిగిలిన పూతను కూడా గీకేస్తాయి. టాంకీ లోపల పాత నూనె జిగురుగా గడ్డకట్టి ఉంది. కొంచెం నూనె పోసి కదిలిస్తూ, వంపేస్తూ నాలుగైదుసార్లు కడిగాం. పంపులోని తోలు వాసరు ఎండి బెరడైపోయింది. రాత్రంతా ఆముదంలో నానబెడితే మెత్తబడింది, వేళ్లతో అంచులు విప్పదీస్తే గాలి పట్టింది. సీసపు వాసరు కొత్తది వేయాల్సి వచ్చింది. పాతది ఒకసారి నలిగితే మళ్లీ పట్టు ఇవ్వదు. గొట్టంలో మసి పేరుకుని సూది కదలలేదు. దాన్ని ఊడదీసి, సన్నతీగతో గీకి, ఊది శుభ్రం చేశాం. అన్నీ బిగించాక నూనె పోయకుండానే గాలి కొట్టి, కీళ్లకు సబ్బునీళ్లు రాసి చూశాం. బుడగ వచ్చినచోట మళ్లీ బిగించాం. ఇది చేయకుండా పాత లైటు ఎవరూ అంటించకూడదు.

నూనె దొరకడమే కష్టమైంది. చివరికి రంగుల దుకాణంలో తెల్ల కిరోసిన్ దొరికింది. తెలియనివాళ్లు కొందరు పెట్రోలు పోస్తే ఏమవుతుంది అని అడుగుతున్నారు. బాంబు అవుతుంది. పోయకండి. పాత జాలీల్లోని థోరియంకు కొద్దిపాటి రేడియో ధార్మికత ఉంది. రాలిన బూడిదను ఊదకూడదు, పిల్లల చేతికివ్వకూడదు. ఇప్పుడు చాలా కంపెనీలు థోరియం బదులు ఇట్రియం వాడుతున్నాయి. మూసిన గదిలో ఈ లైటు పెట్టకూడదు. ఇవన్నీ దాదాకు తెలియవు. పాపం, జాలీ బూడిదను నోటితో ఊదేవాడని అబ్బా చెప్పాడు.

వెలిగించింది మాదిగవాడలో, అవ్వ వాకిట్లో. మా వాడు పంపు కొట్టాడు. మొదటిసారి తొందరపడి పొగ పెట్టాడు. రెండోసారి జాలీ భగ్గుమని తెల్లబడింది. సర్రుమన్న చప్పుడుకు ఇరుగుపొరుగు ముసలివాళ్లంతా బయటికొచ్చారు. లైటును అరుగు మీద ఎత్తుగా పెట్టి, అవ్వను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాం. ఆమె మొహం మీద గ్యాసు లైటు వెలుగు పడటం ఆమె కూతురు అదే మొదటిసారి చూడటం.

ఆ రాత్రి వాళ్లంతా కలిసి పేర్లు చెప్పారు. ఎవరు మోసేవాళ్లు, ఎవరి తల్లి, ఎవరి చిన్నమ్మ, ఏ ఫకీరు కొడుకు. పదకొండు పేర్లు తేలాయి. దాదా పుస్తకంలో చివరి పేజీలు ఖాళీగా ఉన్నాయి. వాటిలో ఆ పదకొండు పేర్లూ తెలుగులో రాశాం. పన్నెండోది దాదీ పేరు. మా వాడు తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. "వీళ్లంతా మనవాళ్లేనా అబ్బా?" అని అడిగాడు. జవాబు వాణ్నే వెతుక్కోమన్నాం.

ఈ వ్యాసం చదువుతున్నవాళ్లకు ఒక మనవి. మీ ఇంట్లో తాతల నాటి ఊరేగింపు ఫొటో ఉంటే తీసి చూడండి. అంచున ఒక లైటు కనిపిస్తుంది, దాని కింద ఫొటోగ్రాఫరు సగానికి కోసేసిన ఒక మనిషి కనిపిస్తుంది. మీ ఊళ్లో పెద్దవాళ్లు ఇంకా బతికి ఉండగానే ఆ మనిషి పేరు అడిగి, ఆ ఫొటో వెనక రాసి పెట్టండి.